పాము సామెతలకు అత్యవసర సవరణలు

తెలుగువాడికి పాముల గురించి తెలియనిది లేదు. తెలిసినదంతా సామెతల్లో భద్రంగా ఉంది. అరవై రెండేళ్లుగా ఆ విజ్ఞానం మీద నాకున్న నమ్మకాన్ని, అమెరికాలో పదకొండేళ్ల మా మనవడు మూడు నెలల్లో కూల్చేశాడు. వాడి గదిలో గాజు తొట్టెలో ఒక గార్టర్ పాము కాపురముంటోంది. మేజోళ్లు జారకుండా పూర్వం అక్కడివాళ్లు కట్టుకున్న పట్టీల పేరే దానికి పెట్టారు. రెండడుగుల పొడవు, ఒంటి మీద నిలువునా పసుపు చారలు. మన చెరువుల్లోని నీరుకట్టు పాముకు దూరపు దాయాది.

ఆ నీరుకట్టు మన ఊళ్లో కనిపిస్తే, దానికి విషం లేదని తెలిసిన పెద్దమనిషే ముందుగా కర్ర అందుకుంటాడు. చంపాక 'పాపం, ఇది ఏమీ చేయదు' అనేదీ ఆయనే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పాములను పట్టి పెంచకూడదంటుంది, చంపకూడదనీ అంటుంది. ఇందులో మొదటి సగాన్ని మనం తు.చ. తప్పకుండా పాటిస్తున్నాం.

కాబట్టి సామెతలను సవరించాలని పండితులకు మనవి చేస్తున్నాను. మొదటిది, 'పాముకు పాలు పోసి పెంచడం'. పాలు పాము ఆహారమే కాదట. మా గార్టర్ తినేవి వానపాములు, చేపలు, కప్పలు. సరే, 'వానపాములు పెట్టి పెంచడం' అందామంటే అదీ కుదరదు. నేలలో దొరికే పెద్ద వానపాము పెట్టవచ్చు. ఎరువు కుప్పల్లో పెంచే ఎర్రది మాత్రం దీనికి విషం. పాముకే విషం పెట్టగల వానపాము ఈ లోకంలో ఉందని తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పోనీ చేపలన్నా ఏవో నాలుగు పడేయవచ్చా? గోల్డ్‌ఫిష్ వంటి వాటిలో థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది. వాటితోనే మేపితే పాముకు మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. అందుకని దానికి సాల్మన్ ముక్కలు. నాకు ఏ విటమిన్ తక్కువైందో ఈ ఇంట్లో ఇంతవరకు ఎవరూ అడగలేదు.

రెండోది, 'కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం'. బయటి కప్పల్లో పరాన్నజీవులుంటాయని మనవడు వాటిని ఇంట్లోకే రానివ్వడు. ఫ్రిజ్‌లో ఇడ్లీపిండి పై అరలో గడ్డకట్టిన ఎలుక పిల్లలున్నాయి. వాటిని కరవమన్నా విడవమన్నా కోపగించుకునేది మా ఆవిడ ఒక్కతే.

'పాము కాళ్లు పాముకెరుక' అన్న సామెతను మాత్రం ముట్టుకోవద్దు. మూత కొంచెం సందిస్తే చాలు, ఇది మాయమవుతుంది. మొన్న నా బూటులో దొరికింది. కాళ్లు లేని జీవికి బూటెందుకని అడగబోయి చేత్తో ఎత్తాను. భయపడితే తోక దగ్గరి నుంచి ఒక ద్రవం వదులుతుందని పుస్తకాల్లో రాస్తారు. దాని వాసన ఎలాంటిదో నా చొక్కాకు తెలుసు. రెండుసార్లు ఉతికినా మరిచిపోలేదు.

కెనడాలోని మానిటోబాలో నార్సిస్ అనే చోట, సున్నపురాయి పగుళ్లలో చలికాలం గడిపిన గార్టర్లు వసంతంలో వేలకు వేలుగా బయటికి వస్తాయి. జనం పిల్లాపాపలతో చూడడానికి వెళతారు. అవి చక్రాల కింద పడకుండా రహదారి అడుగున సొరంగాలు కూడా వేశారు. మా వీధికి ఒక తూము కోసం నేను అర్జీ పెట్టి ఏడేళ్లయింది. అర్జీలో పాముల ప్రస్తావన లేకపోవడమే లోపమని ఇప్పుడు అర్థమైంది.

ఇంతలో నాగుల చవితి వచ్చింది. పుట్ట వెతుక్కుంటూ పోనక్కర్లేదు, దేవుడు మేడ మీదే ఉన్నాడని మా ఆవిడ సంబరపడింది. ఉపవాసం ఉండి చిమ్మిలి, చలిమిడి చేసి, గ్లాసుతో పాలు పట్టుకుని తొట్టె దగ్గరికి వెళ్లింది. మనవడు అడ్డం నిలబడ్డాడు.

"వద్దు నానమ్మా, దానికి రెండు వారాల నుంచి తిండి ఆపేశాను. చలి నిద్రకు పంపాలి. కడుపులో ఏమన్నా ఉంటే అరగక కుళ్లిపోతుంది."

ఆవిడకు ఉపవాసం, నాగేంద్రుడికి ఉపవాసం. మనవడికి నువ్వులు పడవు. చిమ్మిలి మొత్తం నేనే తిన్నాను.