ఎడారి బంతి మేకలకు మేత కాదు

ఒడిశాలో గుణుపురం నుంచి పర్లాకిమిడి దాకా మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులన్నింటిలో కొన్నాళ్లుగా ఒకే సందేశం తిరుగుతోంది. అమెరికా ఎడారుల్లో యాభై ఏళ్లకోసారి పూసే దివ్యపుష్పమట, పేరు ఎడారి బంతి. పూర్వం మన ఋషులు వాడారట. ఆకులు గాలిలోంచి నీరు తాగుతాయట, పురుగు దరిచేరదట. ఒక్క పువ్వులో వందల పువ్వులుంటాయట. ఆకు ఎండబెట్టి మేకలకు పెడితే పాలు రెట్టింపట. చివర విత్తనాల కోసం ఒక ఫోను నంబరు. మా మరిది పంపాడు, వదిన పంపింది, సరే. నా దగ్గర వృక్షశాస్త్రం చదువుకున్నవాళ్లు కూడా పంపారు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఫోటో సంగతి. అది వలిసె చేను. కోరాపుట్ వైపు వానలు తగ్గాక కొండవాలంతా పసుపుపచ్చగా కనిపించే వలిసెలే. ఎనిమిది రేకులు, ఆకుపచ్చని ఆకులు, పక్కన గట్టు మీద ఎవరిదో గొడుగు కూడా ఉంది. ఎడారి బంతి ఆకులు తెల్లటి నూగుతో బూడిద రంగులో ఉంటాయి. అవి చాలావరకు మొక్క అడుగునే ఉండిపోతాయి. పైన ఆకుల్లేని పొడవాటి కాడ, దాని కొసన ఒక్క పువ్వు. తోటల కోసం అమ్మే రకం, బెయిలీయా మల్టీరేడియేటా, ముప్పైకి పైగా రేకులతో పూస్తుంది. పూత ముగిశాక ఆ రేకులు రాలవు, కాగితంలా ఎండి అలాగే అంటిపెట్టుకుని ఉంటాయి.

యాభై ఏళ్లకోసారి పూయడం అబద్ధం. ఎడారి బంతి ప్రజాతిలో, అంటే దగ్గరి చుట్టాలైన మొక్కల గుంపులో, ఉన్నవే మూడు జాతులు. వాటిలో ఎక్కువకాలం బతికేది కూడా కొద్ది ఏళ్లే బతుకుతుంది, మిగతావి విత్తిన ఏడాదే పూసి పోతాయి. అయిదేళ్లు బతకని మొక్క యాభై ఏళ్లు ఎవరి కోసం ఆగుతుంది?

ఋషుల మాట. ఈ మొక్కల సొంత ఊరు అమెరికా నైరుతి రాష్ట్రాలు, మెక్సికో ఉత్తర భాగం. 1848లో అచ్చయిన ఒక అమెరికా సైనిక సర్వే నివేదికలో హార్వీ, గ్రే అనే వృక్షశాస్త్రవేత్తలు ఈ ప్రజాతికి బెయిలీయా అని పేరు పెట్టారు. వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో పాఠాలు చెబుతూ సూక్ష్మదర్శినితో పరిశోధనలు చేసిన జేకబ్ బెయిలీ గౌరవార్థం పెట్టిన పేరది. ఆయన ఋషి కాదు.

పురుగు పట్టదా? స్కీనియా మినియానా అనే చిన్న చిమ్మట ఉంది. దాని గొంగళిపురుగు పుట్టేదీ పెరిగేదీ ఈ పువ్వుల మీదే.

ఆకులు గాలిలోంచి నీరు తాగవు. నూగు ఎండను వెనక్కి కొడుతుంది, ఆకును రాసుకుంటూ పోయే గాలి వేగాన్ని తగ్గిస్తుంది, ఉన్న తడి త్వరగా ఆరకుండా చూస్తుంది. చేసేది అంతే. దానికి అది చాలు.

ఒక్క పువ్వులో వందల పువ్వులన్న మాటను మాత్రం ఒప్పుకోవాలి, అక్షరాలా నిజం. మనకు రేకులా కనబడే ప్రతిదీ ఒక పువ్వు, మధ్య బొట్టులో కిక్కిరిసి ఉన్నవన్నీ పువ్వులే. బంతి, చేమంతి, వలిసె అన్నీ ఇంతే. విచిత్రమేమిటంటే గ్రూపులో అందరూ నవ్వుకున్నది ఈ ఒక్క వాక్యం చూసే. మిగతా అబద్ధాలన్నింటికీ నమస్కారం పెట్టినవాళ్లే దీన్ని ఎగతాళి చేశారు.

ఇక మేకల మాట. ఇంతసేపూ కాస్త ఓర్పుతోనే రాశాను. రాయగడ, గజపతి పల్లెల్లో మేక అంటే పిల్లవాడి పుస్తకాల డబ్బు, ఆసుపత్రి ఖర్చు, పండుగ బట్టలు. ఎడారి బంతి గొర్రెలకూ మేకలకూ విషం. టెక్సాస్ పచ్చిక బయళ్లలో దీన్ని మేసి గొర్రెలు చచ్చిపోవడం అక్కడి పశువైద్యులకు ఏనాడో తెలిసిన విషయం. నోటి వెంట ఆకుపచ్చని నురగ కారుతుంది, మేత మానేస్తాయి, కాళ్లు వణుకుతాయి, నీరసించి పడిపోతాయి. ఈ మొక్కలో ఉన్న చేదు పదార్థాలు సెస్క్విటెర్పీన్ లాక్టోన్లు. మన రోడ్ల పక్కన పెరిగే వయ్యారిభామలో చర్మానికి దురద తెచ్చే పార్థెనిన్ కూడా ఆ వర్గానిదే. వయ్యారిభామను మేకలకు మేపమంటే ఒప్పుకుంటారా? దానికి "దివ్య" అని పేరు తగిలిస్తే ఒప్పుకుంటారేమో, ఈ మధ్య నాకు ఆ అనుమానమూ వస్తోంది. ఎండబెట్టి పెట్టమనడం మరీ ఘోరం. పచ్చి మొక్క చేదుగా ఉంటే మేక ముట్టకుండా పక్కకు పోవచ్చు. ఎండబెట్టి తవుడులో కలిపి పెడితే దానికి ఆ అవకాశం కూడా లేకుండా చేసినట్టే. పాలు రెట్టింపు కావడం అటుంచి, మేక మిగిలితే గొప్ప.

"పరాయి దేశపు మొక్క మనకెందుకు" అని ఒక పెద్దాయన గ్రూపులో రాశారు. ఆ వాదన నాది కాదు. మన గుమ్మానికి కట్టే బంతిపూలూ అమెరికా ఖండం నుంచి వచ్చినవే, కూరలో మిరపకాయా అంతే. అయితే పరాయి విత్తనాలు అనుమతి లేకుండా దిగుమతి కాకుండా చూసేందుకే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ఉంది. ఫోను నంబరు ఇచ్చి గింజలు అమ్మేవాడి చేతిలో ఆ అనుమతి కాగితం ఉందో లేదో అడిగి చూడండి. ఒకవేళ నిజం విత్తనమే వచ్చిందనుకుందాం. ఎడారి బంతి పెరిగే చాలా చోట్ల ఏడాదికి మూడు వందల మిల్లీమీటర్ల వాన కూడా పడదు. మనకు వెయ్యి దాటుతుంది. శ్రావణంలో మన బంకనేలలో దాని వేరు కుళ్లిపోతుంది.

విత్తనాల పొట్లానికి పెట్టే డబ్బు చేతిలో ఉంటే, వానలకు ముందే మేకలకు చిటుక రోగం టీకా వేయించండి.