గుండెకు మూడు రోజుల లంఖణం: వాట్సాప్ వైద్యంలో తప్పులు

మూడు రోజులు అన్నం మానేసి కొబ్బరిబొండాం నీళ్ల మీద ఉంటే గుండె కణాల్లో పాడైన మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం) కొట్టుకుపోతుందట, దీనికి నోబెల్ కూడా వచ్చిందట, పైన కోక్యూ టెన్ అనే సప్లిమెంట్ వేసుకుంటే గుండె మాత్రలతో పనే లేదట. కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న సందేశం సారం ఇదీ.

నోబెల్ సంగతి: 2016లో యోషినోరి ఒసుమికి వచ్చింది, నిజమే. ఆయన పస్తు పెట్టింది ఈస్ట్‌ని. కణం తన చెత్తను తానే అరిగించుకునే ఆటోఫేజీకి ఏ జన్యువులు కావాలో అందులో తేల్చారు. గుండె జబ్బుకు ఉపవాసం మందని ఆయన తేల్చలేదు.

కొట్టుకుపోవడం: గుండె కండర కణంలో దాదాపు మూడో వంతు చోటు మైటోకాండ్రియాదే. బాగున్నదాంట్లో పింక్-1 అనే ప్రొటీన్ లోపలికి పోయి ఎప్పటికప్పుడు ముక్కలైపోతుంది. పాడైతే లోపలికి పోలేక బయటి పొర మీద పేరుకుని పార్కిన్ అనే మరో ప్రొటీన్‌ను పిలుస్తుంది. పార్కిన్ దాని మీద యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్ గుర్తులు అంటిస్తుంది. గుర్తు పడినదాన్ని కణం సంచిలో చుట్టి, చెత్తను అరిగించే లైసోజోమ్‌కు అప్పగిస్తుంది. ఇది ఒక్కొక్కటిగా ఏరే పని, కడిగేసే పని కాదు. ఏరినంతా కొత్తవి పుట్టాలి కూడా. పస్తున్న ఎలుకల గుండెలో ఆటోఫేజీ పెరిగింది సరే, బతికున్న మనిషి గుండెలో దాన్ని కొలిచే మామూలు పరీక్షే లేదు. మరి మూడు రోజుల లెక్క ఎవరు కట్టారో! పూడిక తీయడానికి కాలువ కట్టేసేది దాళ్వా కోతలయ్యాక, చేను పొట్ట మీదున్నప్పుడు కాదు. గుండెకు ఆ తీరిక ఏ నెలలోనూ లేదు.

అసలు ప్రమాదం బొండాంలో ఉంది. 100 మిల్లీలీటర్ల నీళ్లలో సుమారు 200–250 మిల్లీగ్రాముల పొటాషియం. రోజుకు 300 మిల్లీలీటర్ల బొండాలు ఆరు తాగితే నాలుగు గ్రాముల దగ్గరికి వస్తుంది. ఆరోగ్యవంతుడి కిడ్నీలు దాన్ని బయటికి తోసేస్తాయి. గుండె నీరసించినవాళ్లు వాడే స్పైరనోలాక్టోన్, రామిప్రిల్, టెల్మిసార్టాన్, సాకుబిట్రిల్-వల్సార్టాన్ మాత్రలు మాత్రం పొటాషియాన్ని ఒంట్లోనే నిలుపుతాయి. రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ దాకా ఉండాల్సింది 6 దాటితే ఈసీజీలో ‘టీ’ అనే అల మొనదేలవచ్చు, గుండె నెమ్మదించి ఆగిపోనూవచ్చు. ముందుగా కనిపించేది ఒట్టి నీరసమే కావచ్చు. దాన్ని పస్తు నీరసం అనుకుంటారు.

షుగర్‌కూ, గుండె నీరసానికీ ఇచ్చే గ్లిఫ్లోజిన్ మాత్రలు (డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్) వాడుతూ పస్తుంటే, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లకు, రక్తంలో కీటోన్ల ఆమ్లం పెరగొచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస వస్తాయి. గ్లూకోమీటర్‌లో అంకె మామూలుగానే ఉండటంతో గ్యాస్ అని తేల్చేస్తారు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి, మాత్ర పేరు చెప్పి, కీటోన్లు చూడమనాలి.

మాత్రలు మానడం: మెటోప్రొలోల్, బైసోప్రొలోల్ లాంటి బీటా బ్లాకర్లు (గుండె వేగం తగ్గించే మాత్రలు) హఠాత్తుగా ఆపితే గుండె వేగం ఎగదన్నుతుంది, ఛాతీనొప్పి తిరగబెట్టొచ్చు. కోక్యూ టెన్‌ను వెనకేసుకొచ్చేవాళ్లు చూపించే 2014 నాటి పరీక్షలో 420 మంది రోజుకు మూడుసార్లు, రెండేళ్లపాటు 100 మిల్లీగ్రాముల కోక్యూ టెనో, ఉత్తుత్తి మాత్రో వేసుకున్నారు. కోక్యూ టెన్ వాడినవాళ్లకు మేలు కనిపించింది. కాకపోతే రెండు గుంపులూ మామూలు గుండె మందులు ఆపలేదు. మైటోకాండ్రియానే గురిపెట్టిన ఎలమిప్రెటైడ్ అనే మందును గుండె వైఫల్యంలో నాలుగు వారాలు ఇచ్చి చూస్తే గుండె పరిమాణం తగ్గలేదు.

ఏకాదశి ఉపవాసం తప్పదనుకునే గుండె రోగి రెండు రోజుల ముందే డాక్టర్ని కలిసి, ఒంట్లో నీరు తీసే ఫ్యురోసెమైడ్, గ్లిఫ్లోజిన్ మాత్రలు ఆ రోజు వేసుకోవాలా, ఆపాలా అని అడగాలి. బీటా బ్లాకర్ మాత్రం గుక్కెడు నీళ్లతో వేసుకోవాల్సిందే.