ఓరల్ ప్రెజెంటేషన్ గారి సముఖానికి

మహారాజశ్రీ ఓరల్ ప్రెజెంటేషన్ గారికి నమస్కరించి వ్రాయునది.

తమరు క్షేమమేనని తెలుసు. ఇంటర్నల్ మార్కులు తమ చేతిలో ఉన్నంత కాలం తమకేం కొదవ? క్షేమం లేనిదల్లా మా ఫ్రెంచి క్లాసుకే.

నిన్న మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా తమ కొలువులో తొమ్మిది మంది నిలబడ్డారు. నాలుగు ఈఫిల్ టవర్లు, రెండు చీజులు, ఒక మోనాలిసా, ఒక ఫ్యాషన్, ఒక జులై పద్నాలుగు, అంటే ఫ్రాన్సు జాతీయ పండుగ. మొదటి పావుగంట హెచ్‌డీఎంఐ కేబుల్ మింగేసింది. పోనివ్వండి. ఆఖరి స్లైడు మీద గిరగిరా తిరిగే గులాబీ, దాని కింద ‘మెర్సీ’, అంటే థాంక్స్. అదీ పోనిద్దాం. 36 మంది క్లాసులో తలా 10 నిమిషాలంటే మొత్తం ఆరు గంటలు. ఒక్కొక్కరు మాట్లాడేది 10 నిమిషాలు, నోరు మూసుకుని కూర్చునేది 350. మాట్లాడించడానికే పుట్టామని చెప్పుకునేవారికి ఈ లెక్క ఎలా మింగుడు పడుతోందో అడగను.

అసలు తమరు ‘మాట్లాడటం’ అని దేన్ని అంటున్నారు? స్లైడు నిండా వాక్యాలు. ముందురోజు రాత్రి ఇంగ్లీషులో రాసి, ఫోన్లో పడేసి, ఫ్రెంచిలోకి తిప్పినవి. మనమేమో రాసింది రాసినట్టు చదివేవాళ్లం. తెలుగులో ఏ అక్షరమూ ఉత్తపుణ్యానికి కూర్చోదు. ఫ్రెంచిలో పదం చివర కూర్చున్నవాటిలో చాలావరకు మూగనోము పట్టినవే. ‘వాళ్లు మాట్లాడతారు’ అనడానికి ‘ఇల్ పార్ల్’ అంటే చాలు, చివరున్న ఈ, ఎన్, టీ పలకవు. కానీ అవి గోడ మీద అంతంత లావున కనబడుతుంటే నోరు ఊరుకుంటుందా? ‘పార్లెంట్’ అంటుంది. ‘చాలా’ అని చెప్పే ‘బోకూ’ కాస్తా ‘బోకూప్’ అవుతుంది. అదే పిల్లని కారిడార్‌లో ఆపి అడగండి, ‘ఇల్ పార్ల్’ అని శుభ్రంగా అంటుంది. చెవితో వచ్చినదాన్ని స్లైడు చెడగొట్టింది.

స్లైడు సాయం చెయ్యని చోటు ఒక్కటే, అంకెలు. ఈఫిల్ టవర్ పూర్తయిన ఏడు 1889 అని అంకెల్లో ఉంటుంది. దాన్ని ‘మిల్ విసాఁ కాత్రవేఁనఫ్’ అనాలి, అంటే వెయ్యీ ఎనిమిది వందల మీద నాలుగిరవైల తొమ్మిది. (మన వచనం వదిలేసిన అరసున్నాకి ఇక్కడ కొలువు దొరికింది, సంతోషం.) అక్కడిదాకా రైలులా వచ్చిన గొంతు ఠక్కున ఆగి, ‘ఎయిటీన్ ఎయిటీ నైన్’ అని ఇంగ్లీషు పట్టాల మీదికి దూకుతుంది. నిన్న నాలుగు టవర్లూ అక్కడే దూకాయి.

సరే, ఇవన్నీ చిల్లర తగాదాలు. నా కడుపుమంట మీ ప్రశ్నల సమయం గురించి.

పది నిమిషాల్లో భాషతో నిజంగా అవసరం పడేది అక్కడే. ఎదుటివాడు ఏమంటాడో ముందు తెలియదు, జవాబు అప్పటికప్పుడు అల్లుకోవాలి. ఐరోపా భాషల ప్రమాణ చట్రం 2001లోనే ఒక్కరే మాట్లాడటాన్నీ ఎదుటివారితో మాట్లాడటాన్నీ విడివిడిగా లెక్కగట్టింది. ఫ్రెంచి వచ్చని ఫ్రాన్సు ప్రభుత్వం ఇచ్చే డిప్లొమా డెల్ఫ్‌లో రెండో మెట్టు ఏ2. దాని మౌఖిక పరీక్ష 6 నుంచి 8 నిమిషాలైతే, ఒక్కరే మాట్లాడే భాగం సుమారు 2 నిమిషాలే. మిగతాదంతా పరీక్షకుడితో మాటా మంతీ. మరి మీరు? తొమ్మిదిన్నర నిమిషాలు అప్పజెప్పించుకుని, ఆలస్యమైతే మొదట కోసేది ప్రశ్నలనే. మిగిలిన ఆ అర నిమిషంలో జరిగేదైనా ఏమిటి? ప్రశ్నలేమైనా ఉన్నాయా అన్నట్టు ‘కేస్తియోఁ?’ అంటుంది పాప. నిశ్శబ్దం. రెండో బెంచీలోంచి ముందే మాట్లాడిపెట్టుకున్న స్నేహితురాలు లేచి ‘నీకు ప్యారిస్ ఇష్టమా?’ అంటుంది. ‘వీ’ (అవును) అని జవాబు. చప్పట్లు. ఒక సెమిస్టరు ఫ్రెంచి ఫలితం ఒక ‘వీ’! సిగ్గుగా లేదూ నీకు?

ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. స్లైడు మీద ఒక్క బొమ్మ చాలు, అక్షరం ఉండకూడదు. చేతిలో పోస్టుకార్డంత చీటీ, దాని మీద పది మాటలు, వాక్యం ఒక్కటీ వద్దు. మూడు నిమిషాలు చెప్పాలి, నాలుగు నిమిషాలు ప్రశ్నలకి. అడిగేవాళ్ల పేర్లు ప్రసంగం అయ్యాకే చీటీ తీయాలి. ముందే తీస్తే మిగతావాళ్లు ఫోన్లలోకి జారుకుంటారు. ప్రశ్న ‘ఎస్క’తో మొదలవకూడదు, దానికి అవుననో కాదనో అంటే సరిపోతుంది కనుక. ‘పుర్‌క్వా’తోనో ‘కొమాఁ’తోనో, అంటే ‘ఎందుకు’తోనో ‘ఎలా’తోనో, మొదలవ్వాలి.

అంత టైము లేదంటావా? అందర్నీ జంటలుగా నిలబెట్టు. ఒకే విషయం మొదటి మనిషికి 4 నిమిషాల్లో, రెండో మనిషికి 3, మూడో మనిషికి 2 నిమిషాల్లో చెప్పాలి. తర్వాత అప్పటిదాకా విన్నవాళ్ల వంతు. పద్దెనిమిది నిమిషాల్లో క్లాసంతా తలా తొమ్మిది నిమిషాలు మాట్లాడేస్తుంది. వినే మనిషిని మార్చకపోతే మాత్రం దండగ, విన్న కథే మళ్లీ వింటూ ఇద్దరూ తెలుగులో సినిమా కబుర్లలో పడతారు. గోల అవుతుంది, పక్క గదివాళ్లు తలుపు కొడతారు. కొట్టనీ.

నిన్న మూడో టవర్ దగ్గర పొరపాటున ఒక మంచి పని జరిగింది. ఒప్పందంలో లేని కుర్రాడొకడు వెనక బెంచీలోంచి, పైకి ఎలా వెళతారని అడిగాడు. ఆ అమ్మాయికి లిఫ్టుకి ఫ్రెంచి మాట తెలియదు. స్లైడు కేసి చూసింది, అక్కడ లేదు. రెండు చేతులతో గాలిలో చతురస్రం గీసి, దాన్ని పైకి ఎత్తుతూ ‘లా బ్వాత్... కి మోంత్’ అంది. ఎక్కే పెట్టె! ఆ పూటకి ఆ గదిలో పుట్టిన మొదటి ఫ్రెంచి వాక్యం అదే. కుర్రాడికి అర్థమైంది, క్లాసు నవ్వింది, ‘పెట్టె చెడిపోతే?’ అని ఇంకెవరో అందుకున్నారు.

అప్పుడు బెల్లు నొక్కి, టైమైపోయింది, నెక్స్ట్ అన్నావు. నెక్స్ట్ ఈఫిల్ టవరే.