ఏరువాక కళ్లం దగ్గరే ఎందుకు ఆగిపోయింది?

2025 జూన్‌లో చిత్తూరు జిల్లా గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి మామిడి లోడు ట్రాక్టర్లు బారులు తీరాయి. కిలోకి ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అన్నారు. ఆ 8 కూడా చేతికి రావడం లేదని రైతులు మొత్తుకున్నారు. మంత్రులు మాట్లాడారు, ప్రతిపక్షం రోడ్డెక్కింది. ఆ గొడవంతా పేపర్లో చదువుతుంటే నాకు బాపట్ల, పులివెందుల గుర్తొచ్చాయి. ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఫుడ్ టెక్నాలజీ కాలేజీలు ఉన్న ఊళ్లు అవి. కాయను గుజ్జుగా, గుజ్జును సరుకుగా మార్చే విద్యను ప్రజల డబ్బుతో నాలుగేళ్ల బీటెక్‌గా నేర్పుతున్నాం. ఆ విద్య రైతు దాకా రావడానికి దారి మాత్రం వేయలేదు.

ఈ కోర్సంటే చాలామందికి చులకన. మా బంధువులబ్బాయికి సీటొస్తే వాళ్ల నాన్న అడిగిన మొదటి ప్రశ్న, ‘వంటలు నేర్పుతారా?’ అని. ఎంబీబీఎస్ రాని బైపీసీ వాళ్లూ, సీఎస్ఈ అందని ఎంపీసీ వాళ్లూ చేరే చోటుగానే దీన్ని చూస్తారు. ల్యాబులో జరిగేది వేరు. తీపి శాతం కొలిచే రిఫ్రాక్టోమీటర్ గాజు మీద ఒక్క చుక్క గుజ్జు వేసి, మూత వేసి, కిటికీ వెలుతురుకేసి పట్టుకుని చూస్తే లోపల నీలానికీ తెలుపుకీ మధ్య ఒక గీత కనిపిస్తుంది. ఆ గీత 14 దగ్గర ఉందా, 12 దగ్గర ఉందా అన్నదాన్ని బట్టే ఎగుమతిదారు ఆ సరుకు తీసుకోవాలా వద్దా అని తేల్చుకుంటాడు. తూకం దగ్గర నిలబడ్డ రైతుకు ఆ గీతను ఎవరూ చూపించరు.

ఇక్కడే కొంచెం పాత కథ చెప్పుకోవాలి. 1964లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు చేయి పట్టి నడిపించింది అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ. పాఠం, పరిశోధన, ఊళ్లోకి వెళ్లి చెప్పడం, ఈ మూడూ ఒకే గొడుగు కింద ఉండాలన్నది వాళ్ల పద్ధతి. మూడోదాన్ని మనం విస్తరణ అన్నాం, ఏరువాక కేంద్రాలు పెట్టాం. వరి వంగడాలు ఊరూరికీ చేరడంలో ఆ పద్ధతి పాత్ర చిన్నది కాదు. అయితే అదే కాన్సాస్ వర్సిటీ క్యాంపస్‌లో పిండిమిల్లు ఉంది, బేకరీ ఉంది, విద్యార్థులు కాల్చిన బ్రెడ్డు అక్కడే అమ్ముతారు. గోధుమ చేను దగ్గర మొదలైన చదువు రొట్టె దాకా నడిచింది. మన చదువు కళ్లం దగ్గరే ఆగిపోయింది. పైగా 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం విడిగా వచ్చాక మామిడి చెట్టు వెంకట్రామన్నగూడెం వాళ్లది, గుజ్జు పాఠం లాంలో ఉన్న వ్యవసాయ వర్సిటీ వాళ్లది అయింది. చెట్టుకూ డబ్బాకూ మధ్య ఫైలు నడవాలి!

గుంటూరు మిర్చి సంగతి చూడండి. కళ్లంలో ఆరబోసిన కాయ రాత్రి మంచుకు తడిసి, పొద్దున పట్టా కింద ఉక్కపోసిందంటే అఫ్లటాక్సిన్ అనే విషం పుట్టించే బూజు పట్టడానికి అదే చాలు. మన దేశంలో మసాలా దినుసుల్లో కిలోకి 30 మైక్రోగ్రాముల దాకా అఫ్లటాక్సిన్‌ను ఒప్పుకుంటారు. యూరప్‌కు పంపే మిర్చికి ఆ హద్దు 10. ఆ తేడా ఎక్కడ కొడుతుందో, కాయలో తేమ ఎంతకు దిగితే బూజు ఆగుతుందో ఫుడ్ టెక్నాలజీ చదివే పిల్లలకు తెలుసు. వాళ్లు ఆ లెక్క పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటారు, కళ్లంలో కాయ అలాగే తడుస్తుంది. నేనడిగేది పెద్ద కోరికేం కాదు. ఈ కాలేజీల పైలట్ ప్లాంట్లను, అంటే పిల్లలు పని నేర్చుకునే చిన్న ఫ్యాక్టరీలను, సీజన్‌లో రైతు సంఘాలకు అద్దెకు తెరవండి. చివరి ఏడాది పిల్లల ట్రైనింగ్‌లో సగం కాలం ఫ్యాక్టరీకి బదులు కళ్లానికీ, మామిడి కొనే ర్యాంపుకీ కేటాయించండి. కృషి విజ్ఞాన కేంద్రాల్లో జామ్, స్క్వాష్ నేర్పుతున్నారు కదా అంటారేమో. అది ఇంటికి సరిపోయే పాఠం, లారీ లోడుకు సరిపోదు.

విశ్వవిద్యాలయం చదువు చెప్పాలి గానీ వ్యాపారం చేయకూడదని కొందరంటారు. ఉన్న పాఠాలకే మాస్టార్లు చాలరనీ, సరుకు పాడైతే బాధ్యత ఎవరిదనీ అడుగుతారు. బాధ్యత సంగతి నిజమే, దానికి రాతపూర్వకంగా ఒప్పందం రాసుకోవచ్చు. మిగతాదంతా 60 ఏళ్ల కింద విస్తరణ మీద కూడా వినిపించి ఉండే మాటే.

అసలు అడ్డం నాకు వేరేచోట కనిపిస్తుంది. ఈ విద్య మొత్తం ఇంగ్లీషులో ఉంది. ఆవకాయ కలిపిన మూడో రోజు జాడీ తెరిచి తిరగకలిపే మనిషికి ఉప్పు ముక్కలోంచి నీరు లాగుతుందని తెలుసు, దాన్ని ఊట అంటుంది. తడి గరిటె పెట్టొద్దంటుంది. బీటెక్ పిల్లవాడు ఆ ఊటను ఆస్మాసిస్ అంటాడు, బూజుకు అందే తడి లెక్కను వాటర్ యాక్టివిటీ అంటాడు. పులుపు తగ్గి పీహెచ్ 4.6 దాటితే బొట్యులిజం అనే ప్రాణాంతక ఆహార విషం భయం ఉందన్న ముక్కను తెలుగులో, డ్వాక్రా మహిళ చదువుకునేలా రాసిన చిన్న పుస్తకం నాకింతవరకు దొరకలేదు. సూక్ష్మ ఆహార యూనిట్లకు కేంద్రం 2020లో పథకం పెట్టింది, ఖర్చులో 35 శాతం, 10 లక్షలకు మించకుండా సబ్సిడీ. మిషన్ వస్తుంది. మిషన్ ముందు నిలబడి తెలుగులో చెప్పే మనిషి రాడు.

పోయిన సంక్రాంతికి ఒక ఎగ్జిబిషన్‌లో పచ్చళ్ల స్టాల్ దగ్గర ఆగాను. సీసాలు ముచ్చటగా ఉన్నాయి, లేబుల్ మీద ‘ఆరు నెలలు నిల్వ’ అని ఉంది. ఎలా తేల్చారమ్మా అని అడిగాను.

‘పక్క స్టాల్ వాళ్లు అలాగే వేశారండీ,’ అంది ఆవిడ సీసా తుడుస్తూ. ‘మనదీ అంతే ఉంటుంది కదా!’