అడుగున 7 అని చెక్కించుకున్న గోల్ఫ్ ఐరన్ గారికి

మహారాజశ్రీ సెవెన్ ఐరన్ గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి అని రాద్దామంటే కుశలం మీ ఒక్కరికే ఉంది. ఈ మధ్యాహ్నం గోల్ఫ్ ఆటలో నన్ను గ్రీన్ (జెండా పాతిన నున్నటి గడ్డి) వెనకున్న బంకర్ అనే ఇసుక గుంటలోకి దింపి, మీరు మాత్రం మిగతా క్లబ్బులతో (గోల్ఫ్ కర్రలతో) పాటు బ్యాగ్‌లో హాయిగా పడుకున్నారు. 150 గజాల షాట్. గాలి లేదు. బంతి నడిమధ్యన తగిలింది కూడా. వెళ్లి గ్రీన్ మీదే పడింది, ఆగితేగా! జెండా పక్కనుంచి దొర్లుకుంటూ పోయి ఇసుకలో కూర్చుంది. తప్పుగా కొడితే క్షమిస్తారని తెచ్చుకున్నాను మిమ్మల్ని. సరిగ్గా కొట్టినందుకు శిక్ష వేస్తారని ఎవరూ చెప్పలేదు.

మిమ్మల్ని ఎంచుకున్నది కొట్లో, నాలుగు గోడల మధ్య, మ్యాట్ మీద. మ్యాట్ చేసే మాయ మీకు తెలియనిది కాదు. బంతికి వెనక నేలను తాకినా క్లబ్ జర్రున జారిపోయి బంతిని లేపేస్తుంది. అదే దెబ్బ గడ్డి మీదైతే మట్టి ఎగురుతుంది, బంతి పక్కకి కూడా చూడదు. కొట్టువాళ్లు వంకర షాట్లను దూరాలు చూపే తెర మీద ఎప్పటికప్పుడు చెరిపేసి, మిగిలినవాటికి సగటు కట్టి, ‘చూశారా సార్, మీ పాత సెవెన్ కంటే 15 గజాలు ఎక్కువ’ అన్నారు. ఆ మాటకి ఎవరు పొంగిపోరు?

ఎక్కువ ఎందుకు పోదు స్వామీ! నా పాతదాని లాఫ్ట్, అంటే బంతిని కొట్టే ముఖం వెనక్కి వాలిన కోణం, 35 డిగ్రీలు, తమరిది 28. అది తగ్గితే బంతి దూరం పోతుంది. పైగా షాఫ్ట్ (పిడి కర్ర) అర అంగుళం పొడుగు. అంకె తగ్గేకొద్దీ దూరం పోయే క్లబ్బన్నమాట; ఆ 28 ఒకప్పుడు ఫైవ్ ఐరన్‌కి ఉండే లాఫ్ట్. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో తమరిలో సెవెన్ అంత.

మీ తరఫు వాదన నాకు తెలుసు. బరువంతా అడుగుకి దించారు కాబట్టి బంతి తనంతట తనే పైకి లేస్తుంది, లాఫ్ట్ తగ్గించకపోతే మరీ ఆకాశానికి పోతుంది, అంతేగా? ఒప్పుకున్నాను. కానీ లేవడం ఒక ఎత్తు, దిగి ఆగడం ఒక ఎత్తు. ఆపేది స్పిన్ (బంతి వెనక్కి తిరిగే తిరుగుడు), దిగే కోణం. లాఫ్ట్‌తోపాటు స్పిన్ కూడా తగ్గిపోయింది కదా, ఆ ముక్క తెర మీద ఓ మూల చిన్న అక్షరాల్లో ఉండే ఉంటుంది. పెద్ద అక్షరాల్లో గజాలే ఉన్నాయి.

సరే, నీ ఒక్కడితో పోయేదా? (గారూ, మీరూ ఇక నావల్ల కాదు.) నీ సెట్‌లోని, దగ్గరి షాట్లకి వాడే పిచింగ్ వెడ్జ్ లాఫ్ట్ 43 డిగ్రీలు. ఇంకా దగ్గరి షాట్లకి వాడే నా శాండ్ వెడ్జ్ 56. నడుమ 13 డిగ్రీల గొయ్యి. బంతి ఎప్పుడు చూసినా గ్రీన్‌కి వంద గజాల దగ్గరే ఆగుతుంది, ఆ గొయ్యిలోనే. వెడ్జ్ తీసి కొడితే గ్రీన్ దాటుతుంది, శాండ్ తీస్తే చేరదు, సగం స్వింగ్ చేద్దామంటే మనసులో అనుమానం. దానికి గ్యాప్ వెడ్జ్ అని విడిగా అమ్ముతారు. గొయ్యి తవ్విందీ వాళ్లే, పూడ్చే మట్టి అమ్మేదీ వాళ్లే! ఇక పై వైపు చూస్తే నీ అన్నగారు ఫైవ్ ఐరన్, 21 డిగ్రీలు. అంటే పాత త్రీ ఐరన్. దాన్ని గాల్లోకి లేపడం మామూలువాళ్ల తరం కాదు కాబట్టి బదులుగా సులువుగా లేపే హైబ్రిడ్ అనే క్లబ్ కొనుక్కోవాలి. బ్యాగ్‌లో 14 క్లబ్బులకి మించకూడదన్న రూల్ 1938లోనే వచ్చింది, అది మాత్రం ఎవరి కోసమూ సాగదు. అటొకటి, ఇటొకటి చేరుస్తూ పోతే ఇష్టపడి దాచుకున్నదేదో ఒకటి బయటికి పోవాల్సిందే. ఒక్క అంకె మార్చి ఇంత పని చేశారు.

వెనక గూట్లో అతికించిన ఆ ప్లాస్టిక్ బిళ్ల అప్పుడే ఓ మూల లేచింది. దాని కింద చేరిన మట్టిని టీ (బంతిని నిలబెట్టే పుల్ల) మొనతో గీకుతున్నాను. షాంక్ అనే ఆ పక్కకి దూసుకుపోయే షాట్ సంగతి ఎత్తనే ఎత్తను. హోజెల్‌కి, అంటే కర్ర దిగే మెడకి, తగిలిన బంతిని క్షమించే ఐరన్ ఇంకా పుట్టలేదు.

అలాగని నిన్ను వదిలించుకోలేను, అదే నా బాధ. కార్‌స్టెన్ సోల్‌హైమ్ అనే ఇంజనీరు ఐరన్ వీపు తొలిచి బరువును అంచులకి పంచిన పుణ్యం ఊరికే పోలేదు. ఆయన కంపెనీ చేసిన 1982 నాటి పింగ్ ఐ2 ఐరన్లని ఇప్పటికీ బ్యాగ్‌లో పెట్టుకు తిరిగేవాళ్లున్నారంటే అందుకే. ఇవాళే చివర్లో ఓ షాట్ నీ ముక్కు చివరికి తగిలింది. వీపు తొలవని పాత బ్లేడ్ ఐరన్ అయితే మోచేతి దాకా జివ్వుమనేది, బంతి నీళ్లలో ఉండేది. నువ్వు కాస్త కూడా మెలి తిరగకుండా చెరువు దాటించావు. థ్యాంక్స్ చెప్పబోయాను. తిప్పి చూస్తే మళ్లీ ఆ 7 కనబడింది, ఒళ్లు మండిపోయింది.

వెడ్జ్‌ల మీద 52, 56, 60 అని డిగ్రీలు శుభ్రంగా చెక్కుతున్నారుగా, నీ మీద 28 అని చెక్కడానికి ఏం రోగం? సిగ్గా? నువ్వు ఫైవ్ అని చెప్పుకుంటే కొనరని భయమా? నిజం చెక్కించుకుని రా, గౌరవం మళ్లీ ఇస్తాను. ఈలోపు ఆ దిక్కుమాలిన గ్యాప్ వెడ్జ్ ఎంతో కనుక్కుని పెట్టు.

ఇట్లు,
వంద గజాల దగ్గర నిలబడి ఉన్నవాడు