సమస్యలు తీరిపోతే పరిశోధన గతేం కాను?

దేశంలో పరిశోధకులకు కొరత లేదు. ఏదో ఒక రోజు సమస్యలకే కొరత వస్తుందేమోనని నా బెంగ. బెంగళూరులో కాపురముంటూ ఈ మాట అంటున్నానని నవ్వకండి. ట్రాఫిక్ జాములకు పేరుమోసిన సిల్క్ బోర్డు జంక్షన్ ఒక్కటే ఇంకో రెండు తరాల పీహెచ్‌డీలకు సరిపోతుందని నాకూ తెలుసు. బెళ్ళందూరు చెరువు సంగతి సరేసరి. 2015లో దాని మీది నురగ అంటుకుంది. 2017లో, 2018లో చెరువు మళ్ళీ మండింది. శుద్ధి చేయని మురుగు, బట్టల సబ్బుపొళ్ళు కలిసి ఈ నురగ పుట్టిస్తున్నాయని శాస్త్రవేత్తలు ఏనాడో తేల్చారు. నీళ్ళు మండుతున్నాయి కాబట్టి అది కెమిస్ట్రీ వాళ్ళది. మంటల ముందు జనం సెల్ఫీలు దిగుతారు కాబట్టి సోషియాలజీ వాళ్ళది. పక్కన ఫ్లాట్లు అమ్ముడుపోతూనే ఉన్నాయి కాబట్టి ఎకనామిక్స్ వాళ్ళది. మూడు డిపార్ట్‌మెంట్లను పోషించే చెరువును శుభ్రం చేద్దామనడం, లైబ్రరీని ఫినాయిల్‌తో కడిగేద్దామన్నట్టుంది.

మా బావమరిది ఇలాంటి సమస్యలనే నమ్ముకుని బతుకుతున్నాడు. నంద్యాల కుర్రాడు. వైట్‌ఫీల్డ్ అవతల ఒక ప్రైవేటు కాలేజీలో ఎంబీఏ పాఠాలు చెబుతాడు. ప్రమోషన్‌కు పరిశోధన పేపర్లు కావాలి, పేపర్లు వేయడానికి జర్నల్ అనే పరిశోధన పత్రిక కావాలి. అతను పట్టుకున్న జర్నల్‌కు ఫలానా శాస్త్రమని గిరి గీసుకునే సంకుచిత బుద్ధి లేదు. ఒక సంచిక తిరగేశాను. వేరుశెనగలో తిక్క తెగులు, ఆ వెనకే గృహిణుల ఆన్‌లైన్ కొనుగోళ్ళు, ఆ వెనక సిమెంటులో ఊక బూడిద, ఆఖర్న భగవద్గీతలో హెచ్‌ఆర్ సూత్రాలు. ఇంత అద్వైతం శంకరులవారికి కూడా పట్టుబడి ఉండదు.

"ఇవన్నీ మీ ఎడిటర్‌గారు చదువుతాడట్రా?" అని అడిగాను.

"చదవడం రివ్యూయర్ పని బావా. సోమవారం పంపితే బుధవారానికల్లా ఓకే అన్నాడు."

"అంత తొందరగానా?"

"అదేం తొందర! ఫీజు రసీదైతే ఐదు నిమిషాల్లో వచ్చింది."

ఈ చురుకుదనాన్ని శంకించేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. 2013లో జాన్ బొహానన్ అనే విలేఖరి 'సైన్స్' పత్రిక కోసం ఒక దొంగ పేపరు అల్లాడు. లైకెన్ నుంచి తీసిన పదార్థం క్యాన్సర్ కణాలను అదుపు చేస్తుందని అందులో రాసి, ఎవరైనా ఇట్టే పట్టుకోగల తప్పులు కావాలనే పెట్టి, 304 జర్నళ్ళకు పంపాడు. 157 జర్నళ్ళు వేసుకుంటామన్నాయి. అతను పేపరు పంపిన జర్నళ్ళలో దాదాపు మూడోవంతు మన దేశంలోవేనట. ఒలింపిక్స్‌లో దక్కని వాటా ఇక్కడ దక్కిందని సంతోషించేవాడే లేడు.

మావాడి ప్రతిభ దగ్గరుండి చూసే భాగ్యం నాకు 2024 వేసవిలో కలిగింది. బోర్లు ఎండిపోయి, తాగే నీళ్ళతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని నీటి బోర్డు ప్రకటించిన రోజులవి. మా అపార్ట్‌మెంటు మొత్తం ట్యాంకర్ల మీదే నడుస్తోంది. మావాడు వారాంతానికి వచ్చి, వాళ్ళక్క చేతి ఉలవచారు తిని, లాప్‌టాప్ తెరిచాడు. 'ట్యాంకరు నీటి పట్ల అపార్ట్‌మెంటు వాసుల సంతృప్తి స్థాయి: తూర్పు బెంగళూరుపై ప్రత్యేక దృష్టితో ఒక అధ్యయనం' అని పేరు ముందే పెట్టేశాడు. ప్రశ్నలు ఉగాది కమిటీ వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళిపోయాయి.

'ట్యాంకరు వచ్చినప్పుడు నాకు ఆనందం కలుగుతుంది.' దీనికి 'పూర్తిగా ఏకీభవిస్తాను' మొదలుకొని 'అస్సలు ఏకీభవించను' దాకా ఐదు గడులు. 1932లో రెన్సిస్ లైకర్ట్ అనే అమెరికా ఆయన ఈ పద్ధతి కనిపెట్టింది మనుషుల మనసులో ఏముందో కొలుద్దామని. మా మూడో ఫ్లోరు పిన్నిగారు అన్నిటికీ మధ్య గడే నొక్కారు. "ఎవరితోనూ మనకెందుకు నాయనా గొడవ" అన్నారు. ఎవరిని అడగాలన్నదానికీ ఒక పద్ధతుంది, ఫోనెత్తినవాళ్ళను అడగడం. జవాబుల్లో తేడా నిజమైనదో కాకతాళీయమో తేల్చే కై-స్క్వేర్ పరీక్ష పెడితే తేలిందేమిటయ్యా అంటే, నీళ్ళు రాకపోతే ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ కలిగే చిరాకులో చెప్పుకోదగ్గ తేడా లేదు. చివర మూడు సూచనలు. ప్రభుత్వం తగు చర్యలు తీసుకోవాలి, ప్రజల్లో అవగాహన పెంచాలి, ఈ అంశంపై మరింత పరిశోధన జరగాలి. మొదటి రెండూ మర్యాదకు. మూడోది జీవనాధారం.

(చిన్న విషయాల మీద పరిశోధనంటే నాకు చులకన లేదు. ఇదే ఊళ్ళో నిమ్హాన్స్ అనే మానసిక వైద్య సంస్థ వైద్యులు చిత్తరంజన్ అండ్రాడే, శ్రీహరి నాలుగు బడుల్లో 200 మంది పిల్లలను ముక్కులో వేలు పెట్టుకునే అలవాటు గురించి అడిగి, మధ్యస్థంగా రోజుకు నాలుగుసార్లని లెక్క తేల్చారు. ముందు నవ్వించి, ఆనక ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ 2001లో దానికి వచ్చింది. ప్రశ్న సూటిగా ఉంది, పిల్లలు దాచుకోకుండా చెప్పారు. మావాడి జర్నల్లో ఆపాటి పేపరు నాకింకా తగల్లేదు.)

అసలు సమస్యలు తీర్చేసే చెడు సంప్రదాయానికి నాంది పలికింది టాటా ఇన్‌స్టిట్యూట్ అని ఆటోవాళ్ళు పిలిచే సైన్సు పరిశోధన సంస్థ ఐఐఎస్‌సీలో. 1974లో అక్కడ అమూల్య రెడ్డిగారు సైన్సును పల్లెలకు పనికొచ్చేట్టు చేద్దామని 'ఆస్ట్రా' అనే విభాగం మొదలుపెట్టారు. ఎలక్ట్రోకెమిస్ట్రీలో పేరున్న పాఠ్యపుస్తకం రాసిన పెద్దమనిషి. అలాంటాయన బృందంతో తుమకూరు జిల్లా పుర అనే పల్లెకు పోయి పేడ లెక్కలు కట్టారు. పేడ గ్యాసుతో ఊరంతటికీ వంట అన్నది ఆలోచన. తీరా చూస్తే ఊళ్ళో పేడ అందరి పొయ్యిలకూ చాల్లేదు. నిఖార్సయిన పరిశోధకుడైతే ఇక్కడ 'పరిమితులు' అని ఓ పేరా రాసి ఇంటికొచ్చేస్తాడు. వీళ్ళు ఊరివాళ్ళకు కావలసిందేమిటో విన్నారు. తాగునీళ్ళు, అన్నారు వాళ్ళు. దాంతో అదే గ్యాసుతో ఇంజను తిప్పి, కరెంటు తీసి, బోరు నీళ్ళు కొళాయిల దాకా తెచ్చారు. ఇళ్ళల్లో లైట్లు వెలిగాయి. పేడ తెచ్చినవాళ్ళకు డబ్బులిచ్చారు, మిగిలిన మడ్డి ఎరువుకు తిరిగిచ్చారు. బాగానే ఉంది, కానీ పొయ్యి దగ్గర మొదలైన పరిశోధన కొళాయి దగ్గర తేలితే హైపోథిసిస్‌కు జవాబెవరు చెప్తారు? వింటే విన్నారు, కనీసం ఐదు గడులైనా గీశారా?

ఆ తెగులు మా అపార్ట్‌మెంటుకూ పాకింది. మా వాచ్‌మన్‌ది హిందూపురం వైపు. అతని దగ్గర ఒక వెదురు కర్ర ఉంది, జానకో గాటు, గాటుగాటుకూ ఎర్ర పెయింటు. ట్యాంకరువాడు పైపు వేయకముందు ఒకసారి, తీశాక ఒకసారి కర్రను సంపులో నిలబెట్టి, తడి ఎంతదాకా వచ్చిందో మోటారు గది గోడమీద బొగ్గుతో గీస్తాడు. పన్నెండు వేల లీటర్లని బిల్లు రాసే బండి వచ్చినప్పుడల్లా తడి రావలసిన గాటుకు నాలుగు వేళ్ళు కిందే ఆగిపోతోంది. "తక్కువ పోస్తాండారు సార్, గోడ చూడండి" అని సెక్రటరీగారిని పిలుచుకొచ్చి చూపించాడు. మర్నాటి నుంచి ట్యాంకరు డ్రైవరు దిగగానే ముందు కర్ర వైపు చూసి, సంపులోకి ఆఖరి చుక్క దాకా వదిలి పోతున్నాడు.

"పూర్వ అధ్యయనాల ప్రస్తావన లేదు, డేటా చూస్తే గోడమీద. దీన్నెవడు వేసుకుంటాడు బావా?" అని మావాడు పెదవి విరిచాడు. న్యాయమే. అచ్చయిన పేపర్లకిచ్చే గుర్తింపు సంఖ్య, ఆ డీఓఐ నంబరు కూడా కర్రకు లేదు. పైగా దానివల్ల జరిగిన నష్టం చూడండి. రెండో విడత సర్వేలో మా బ్లాకు మొత్తం 'పూర్తిగా సంతృప్తి' నొక్కేసింది, మూడో ఫ్లోరు పిన్నిగారితో సహా. అందరూ ఒకే గడి నొక్కితే కై-స్క్వేర్ మాత్రం ఏం చేస్తుంది పాపం?

ఎదురు అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కు కర్ర లేదని మావాడు కనుక్కొచ్చాడు. రెండో పేపరు అక్కడే చేస్తున్నాడు. అది అచ్చయ్యేదాకా మా వాచ్‌మన్‌ను రోడ్డు దాటనివ్వొద్దని నాకు ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్ళాడు.