డోన్ దాటాక రోడ్డు మీద ఎవరుంటారు?

రాత్రి పదకొండు దాటాక డోన్ నుంచి గుత్తి వైపు కారులో వస్తుంటే, 44వ నంబరు జాతీయ రహదారి మీద ఒక్కోసారి ఐదు నిమిషాలు ముందు ఏ బండీ కనపడదు. ఇంత ఖాళీ రోడ్డుకు వేగపరిమితి ఎందుకు, ఎత్తేస్తే పోలేదా అని మా మిత్రులు అడుగుతుంటారు. నాలుగు వరుసల రోడ్డు మీద కారుకు 100, బస్సుకు 90, లారీకి 80 అని కేంద్రం 2018లో చెప్పింది. ఎత్తేయడం మాట అటుంచి, ఆ 100 కూడా మన రోడ్డుకు ఎక్కువేనన్నది నా అభిప్రాయం.

వెల్దుర్తి దాటాక ఓ రాత్రి జరిగింది చెప్తాను. టైరు పంక్చరైన ఏదో లారీ బాగుచేసుకుని వెళ్లిపోయింది. వెనకొచ్చే బండ్లకు గుర్తుగా పెట్టిన తుమ్మకొమ్మ, నాలుగు బండరాళ్లు మాత్రం లేన్‌లోనే ఉండిపోయాయి. నేను 90లో ఉన్నాను. ఎదుటి బండి కోసం లైట్లు డిమ్ చేశాను. ముందు కొమ్మ కనపడింది, తర్వాత రాయి. బ్రేకు తొక్కినా ఎడమ చక్రం రాయెక్కింది. డిమ్ లైటులో కనపడేది యాభై అరవై మీటర్లే. 100లో వెళ్లే కారు, డ్రైవరు తేరుకుని బ్రేకు వేసి ఆగేసరికి దాదాపు 100 మీటర్లు పోతుంది. అదే 140లో అయితే దాదాపు 170.

రాళ్లే కాదు, రాంగ్ రూట్లో లైట్లు లేని ట్రాక్టరు వస్తుంది. డివైడరు సందులోంచి జీవాల మంద దాటుతుంది. కర్నూలు దగ్గర చిన్నటేకూరులో 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున, అంతకుముందే జారిపడిన బైకును హైదరాబాద్-బెంగళూరు బస్సు ఈడ్చుకుపోయి మంటలంటుకున్నాయి. 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. రోడ్డు మీద ఎప్పుడు ఏం పడి ఉంటుందో ఎవరికీ తెలియదు.

జర్మనీ ఆటోబాన్‌ను చూపించేవాళ్లున్నారు. అక్కడ మనుషులు నడవరు, గంటకు 60 కిలోమీటర్లు దాటలేని బండిని ఎక్కనివ్వరు. ఆస్ట్రేలియా నార్తర్న్ టెరిటరీ మనకంటే వందరెట్లు నిర్జనం. అక్కడ 2007లో 130 పరిమితి పెట్టారు, 2014లో స్టువర్ట్ హైవే మీద సుమారు 200 కిలోమీటర్ల మేర ఎత్తేసి చూశారు, 2016లో మళ్లీ పెట్టారు. అమెరికాలోని మోంటానా 1995 చివర్లో పగటిపూట అంకె తీసేసి 'సబబైన వేగం' అని వదిలేసింది. ఏది సబబో తేలక 1998లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టే కొట్టేసింది.

కర్నూలు నుంచి అనంతపురం సుమారు 150 కిలోమీటర్లు. 100కు బదులు 140లో పోతే మిగిలేది పాతిక నిమిషాలు. గుత్తి దగ్గర దెబ్బ తగిలినవాణ్ని కర్నూలు పెద్దాసుపత్రికి చేర్చడానికి అంతకు రెట్టింపు కంటే ఎక్కువే పడుతుంది. నిర్జనమైన చోట సాయం కూడా దూరమేనన్న సంగతి వేగం అడిగేవాళ్లు తలచుకోరు.

డ్రైవర్ల కోపంలో ఒక న్యాయం ఉంది. రోడ్డు పని అయిపోయాక కూడా తీయని 30, 40 వేగపరిమితి బోర్డులు చూసి చూసి జనం ఏ బోర్డునూ లెక్కచేయడం మానేశారు. వాటిని వెంటనే పీకేయాలి. కెమెరా దగ్గర బ్రేకు కొట్టి, దాటగానే తొక్కేవాళ్లకు మందు టోల్ గేట్లలోనే ఉంది. అమకతాడులో ఎన్నింటికి దాటారో, కసేపల్లిలో ఎన్నింటికి దాటారో ఫాస్టాగ్‌కు తెలుసు. మధ్య దూరాన్ని పట్టిన టైముతో భాగిస్తే సగటు వేగం వస్తుంది. పరిమితి దాటినవాళ్లకు చలానా నేరుగా ఇంటికి పంపాలి.